రెండు భాషల సరిహద్దులో పుట్టిన కీర్తనకారుడు: పురుషోత్తమ చౌదరి గారు



ఆదివారం ఆరాధనలో కీర్తన సంఖ్య చెప్పగానే పుస్తకం తెరిచి పాడుట మనకు అలవాటు. ఆ పాట వ్రాసినవారెవరని పేరు చూచే అలవాటు మాత్రం మనలో చాలామందికి లేదు. చూచినవారికి ఒక పేరు పదే పదే కనబడుతుంది. ఆయనే పురుషోత్తమ చౌదరి గారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆయన వ్రాసినవి చాలా ఉన్నవి. కోలారు బంగారు గనులలో మన తాతలు, అవ్వలు గుడ్డి దీపాల వెలుగులో చదువు రాకపోయినా కంఠతా పాడుకున్న పాటలలో ఆయనవి ఎన్నో. కనుక ఈ సంచికలో ఆయన జీవితమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

చౌదరి గారు 1803వ సంవత్సరములో పర్లాకిమిడి ప్రాంతములో జన్మించారు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. బెంగాలు దేశమునుండి వచ్చి అక్కడ స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము వారిది. ఆ రోజులలో అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణము అటు వెళ్లింది, చుట్టుప్రక్కల పల్లెలు కొన్ని ఇటు నిలిచాయి. అనగా వీధిలో తెలుగు, అంగడిలో ఒడియా, ఇంటి పెద్దల వంశములో బెంగాలీ. ఈ సంగతి మనకు క్రొత్తగా తోచదు. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, గని లైన్లలో తమిళము వింటూ పెరిగిన బిడ్డలము మనము. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వెళితే అంగడిలోనూ తెలుగే. చౌదరి గారి బాల్యము మన బాల్యమువంటిదే అంటే తప్పులేదు.

ఆయన సంస్కృతము, తెలుగు, ఒడియా నేర్చారు. పురాణములు చదివారు, పద్యము అల్లుట నేర్చారు. అప్పటికే విశాఖపట్నములో లండను మిషను వారు పనిచేయుచుండిరి. 1805లో వచ్చిన క్రాన్, డి గ్రాంజి అను ఇద్దరు దొరలు తెలుగు నేర్చి సువార్తలను తర్జుమా చేయ మొదలుపెట్టిరి. 1818 నాటికి తెలుగు క్రొత్త నిబంధన అచ్చులో ఉంది. పురుషోత్తము గారిని కదిలించినవి ఇటువంటి అచ్చు కాగితములే. చిన్న కరపత్రములు, సువార్త భాగములు ఆయన చేతికి వచ్చాయి. శ్రీకాకుళములో నివసించిన నాట్ దొరసాని గారివలన కూడ ఆయనకు సహాయము దొరికింది. పెద్ద ప్రసంగము విని మారుమనస్సు పొందినవారు కారు ఆయన. చదివి, ఆలోచించి, తాను నమ్మినదానితో తర్కించుకొని వచ్చినవారు. పుస్తకములు పంచే పని చిన్నదని తలంచే యువకులు ఈ సంగతి గమనించగలరు.

1833లో ఆయన ఉత్తరముగా కటకము వెళ్లి అక్కడి బాప్తిస్టు మిషనరీ లేసీ దొరగారి చేత బాప్తిస్మము పొందారు. జంధ్యము విడిచారు. దాని వెల మనము సులభముగా గ్రహించలేము. కులము పోయింది, బంధువులు పోయారు. భార్య రాధామణి గారు మొదట ఆయనతో రాలేదు. బ్రదికి ఉన్న భర్తను చనిపోయినవానిగా ఎంచుమని లోకము చెప్పే కాలము అది. కొంతకాలము గడిచిన పిమ్మట ఆమె కూడ వచ్చి విశ్వసించారు. చౌదరి గారి కీర్తనలలో శరణు వేడుకొనుట ఇంత నిజముగా ఎందుకు ధ్వనిస్తుందని అడిగితే, మాకు ఈ సంవత్సరములే జ్ఞాపకము వస్తాయి.

తరువాత యాభై సంవత్సరములకు పైగా ఆయన సువార్త పని చేశారు. కటకము, బరంపురము, పర్లాకిమిడి, శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములలో తిరిగారు. బాప్తిస్టుల చేత బాప్తిస్మము పొంది లండను మిషను వారితో కలిసి పనిచేయుట ఆయనకు ఇబ్బంది కాలేదు. ఈనాడు లూథరను వారు, దక్షిణ ఇండియా సంఘము వారు, మనము, అందరమూ ఆయన పాటలు పాడుచున్నాము. మిషను సరిహద్దులు దాటిన పని ఆయనది.

ఇక ఆయన రచనలు. ‘నిస్తార రత్నాకరము’, ‘యేసు నాయక శతకము’ మొదలైన పద్య గ్రంథములు వ్రాశారు. ‘కులాచార పరీక్ష’ అని కులభేదములను పరిశీలించే పుస్తకము కూడ వ్రాశారు. అగ్రకులములో పుట్టి ఆ పుస్తకము వ్రాయుటకు ధైర్యము కావలెను. అయితే పద్య గ్రంథములు ఇప్పుడు చదివేవారు తక్కువ. ఆయనను బ్రదికించినవి కీర్తనలు.

ఆ కీర్తనల నిర్మాణమును గూర్చి ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిగా ఒక మాట చెప్పనివ్వండి. దొరలు తమ దేశపు రాగములకు తెలుగు మాటలు అతికించి పాడించేవారు. అందులో మంచివీ ఉన్నవి, కాని దీర్ఘము ఉండవలసిన చోట హ్రస్వము, హ్రస్వము ఉండవలసిన చోట దీర్ఘము పలికి మన నాలుక పడే బాధ మనకు తెలుసు. చౌదరి గారు ఆ దారి పట్టలేదు. పల్లవి, అనుపల్లవి, చరణములు, వాటిమీద రాగము, తాళము. భజనలో, హరికథలో మన ప్రజల చెవికి అలవాటైన అచ్చునే తీసుకొని దానిలో క్రీస్తును పాడారు. ‘త్రాహిమాం’ అను మాట దేవాలయపు స్తోత్రములలోనిది. దానిని ఆయన ప్రభువు పాదముల యొద్దకు తెచ్చారు. ఇది అన్యాచారమని కొందరు సహోదరులు సంశయించుట మేము విన్నాము. ఆ సంశయముతో మేము ఏకీభవించము. పాపి రక్షించుమని కేకవేయుటకు ఏ భాషలో మాట సిద్ధముగా ఉంటే ఆ మాటనే వాడుతాడు.

ఇందులో మాకు మిక్కిలి ఆశ్చర్యముగా తోచే సంగతి ఇంకొకటి. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువు తరువాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారి సంఘములో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో బహుమంది మాదిగవారు. అక్షరము నేర్చుకొనుటకు ఊరివారు ఒప్పుకోనివారు. అటువంటి పల్లెల సంఘములలో సంస్కృత సమాసములతో నిండిన చౌదరి గారి కీర్తన పాడబడింది. రెండేండ్లకు, 1880లో, జాన్ టేలర్ కంపెనీ వారు ఇక్కడ గనుల పని చేపట్టారు. తరువాతి దశాబ్దములలో చిత్తూరు, నెల్లూరు వైపులనుండి కూలికి వచ్చినవారు చాప, చట్టి, ఈ పాటలు తెచ్చుకొన్నారు. మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ లైన్లలో రాత్రి షిఫ్టుకు దిగేముందు ప్రార్థనలో పాడుకొన్నారు. సమాసమునకు అర్థము చెప్పమంటే మా పెద్దలలో చాలామంది చెప్పలేకపోయేవారు. కాని ఒక్క అక్షరము తప్పకుండా పాడేవారు. బ్రాహ్మణుడు వ్రాసిన మాట ఊరి వెలుపలివారి నాలుకమీద నిలిచి వంద సంవత్సరములు దాటింది. కులాచారమును పరీక్షించిన పుస్తకముకంటె ఈ పాటలే ఆ పని ఎక్కువగా చేసినవేమో.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. మన యువకులు తెల్లవారక ముందే మారికుప్పం నుండి రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవుచున్నారు. వారి బిడ్డలు కన్నడములోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు. కీర్తనలు కన్నడ లిపిలో వ్రాసుకొన్న నోటు పుస్తకములు ఆరాధనలో కనబడుట మొదలైంది. కొందరు పెద్దలకు ఇది నచ్చదు. కీర్తనల బదులు చిన్న కోరసులు పాడిద్దామనువారు కొందరు. మా అభిప్రాయము వేరు. కన్నడము చదివిన బిడ్డకు తెలుగు లిపి దూరము కాదు. గ, న, బ, మ, ర దాదాపు ఒకటే. తలకట్టు తేడా చూపించి, క, త, శ, హ వంటి కొన్ని అక్షరములను విడిగా దిద్దిస్తే సరిపోతుంది. సెలవులలో నాలుగు వారములు, రోజుకు గంట చాలును. పాఠ్య పుస్తకముగా కీర్తనల పుస్తకమే వాడవచ్చును, ఎందుకంటే బిడ్డకు పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది, కన్ను దానిని వెదకుకొంటుంది. కఠిన పదములకు ఆదివారం బడిలో ఒక్కొక్క కీర్తనకు అర్థము చెప్పవలెను. అర్థము తెలియకుండ పాడుట మన పెద్దలకు సాగింది గాని, కళాశాలలో చదివే బిడ్డలకు సాగదు.

చౌదరి గారు 1890 ఆగష్టులో, ఎనభై ఆరేండ్లు నిండి ఎనభై ఏడవ యేట ఉండగా, ప్రభువునందు నిద్రించారు. అప్పటికి టేలర్ కంపెనీ వారు ఇక్కడి గనుల పని చేపట్టి పదేండ్లు. తన పాటలు గని లోతులవరకు దిగుతాయని ఆయనకు తెలిసే అవకాశము లేదు. వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధనలో ఆయన వ్రాసిన మూడు కీర్తనలు పాడుటకు సంఘ పెద్దలు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. రాగము తెలిసిన అవ్వలు ముందు వరుసలో కూర్చుండి పిల్లలకు ఎత్తి ఇయ్యవలెను.