ఎండను దీపంగా మలచుకున్న రాజా దీన్‌దయాళ్

ఫోటో తీయడమంటే నేడు వేలితో తాకినంత పని. పెళ్ళిపందిట్లోనైనా, పొలం గట్టునైనా సెల్‌ఫోను తీసి నొక్కితే బొమ్మ పడుతుంది. నూటయాభై ఏళ్ళ క్రితం సంగతి వేరు. బండెడు సామాను, చీకటి గుడారం, మందు సీసాలు, గాజు పలకలు వెంట ఉంటేగాని ఒక్క బొమ్మ చేతికి వచ్చేది కాదు. కరెంటు దీపాలు లేని ఆ రోజుల్లో ఎండనే దీపంగా వాడుకుని దేశమంతటా పేరు గడించిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. ఉత్తరాదిన పుట్టినా ఆయన కీర్తి పండింది సికిందరాబాదులో. ఆయన స్టూడియో కెమెరా వరంగల్ జిల్లా నెక్కొండ అడవుల దాకా వచ్చింది.

నక్షాలు గీసిన చెయ్యి

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే ఇల్లు. ఆయన మాత్రం రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. 1866లో మధ్య భారతంలోని ఇండోర్‌లో ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగం దొరికింది. కట్టడాలకు నక్షాలు గీయడం, ఖర్చు అంచనాలు వేయడం ఆయన పని.

ఈ కొలువు ఆయనకు తెలియకుండానే మరో విద్యకు పునాది వేసింది. నక్షా గీసేవాడు కట్టడాన్ని ఊరికే చూడడు. గోడ నిటారుగా ఉన్నదా, వాకిలి ఏ దిక్కుకు ఉన్నది, ఏ మూల నుంచి చూస్తే మొత్తం కట్టడం కంటికి ఆనుతుంది అని లెక్కగా చూస్తాడు. కెమెరా పట్టినవాడికి కావలసింది కూడా ఆ చూపే.

1874 ప్రాంతంలో ఆయన ఫోటోగ్రఫీ మొదలుపెట్టారు. అప్పటికి వయస్సు ముప్పై. సంసారం, సర్కారు కొలువు ఉన్న మనిషి కొత్త విద్యకు ఓనమాలు దిద్దడం ప్రారంభించారు. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, బ్రిటిష్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఫోటోలు తీసే అవకాశం లభించింది.

తడి పలకతో తంటాలు

అప్పటి పద్ధతి ఎటువంటిదో తెలిస్తేనే ఆయన పడిన శ్రమ అర్థమవుతుంది. ముందుగా గాజు పలకను మరక లేకుండా తుడవాలి. దానిమీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, పలకంతా సమంగా పరుచుకునేటట్లు అటూ ఇటూ వంచాలి. తరువాత చీకటి గుడారంలో దానిని వెండితో చేసిన ఒక లవణం కలిపిన నీళ్ళలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ పట్టాలి. వెంటనే మళ్ళీ గుడారంలోకి పరుగెత్తి మందుతో కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాలలో ముగియాలి. ఎండాకాలంలో పలక ఇంకా త్వరగా ఆరిపోతుంది. ఆరితే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

బొమ్మను పెద్దది చేసుకునే సదుపాయం కూడా అప్పట్లో మామూలుగా ఉండేది కాదు. ఎంత పెద్ద బొమ్మ కావాలంటే అంత పెద్ద గాజు పలక, దానికి తగిన పెట్టె కెమెరా కావలసిందే. కాగితం మీద అచ్చు వేయడానికీ ఎండే ఆధారం. పలక కింద మందు పూసిన కాగితాన్ని చట్రంలో బిగించి ఎండలో పెడితే బొమ్మ మెల్లగా తేలేది. మబ్బు పట్టిన రోజున పని ఆలస్యమయ్యేది.

ఒక్కొక్క గోడకు ఒక్కొక్క వేళ

1882-83లో బ్రిటిష్ ప్రతినిధి సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించగా దీన్‌దయాళ్ ఆయన వెంట వెళ్ళారు. గ్వాలియర్ కోట, ఖజురాహో గుళ్ళు, ఓర్ఛా, దతియా రాజభవనాలు వంటి కట్టడాలను చిత్రించారు. ఈ చిత్రాలతో గ్రిఫిన్ మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాలపై 1886లో ఒక గ్రంథం వెలువరించారు.

ఆరుబయట వెలుగు మన చెప్పుచేతల్లో ఉండదు. దాని కోసం మనిషే కాచుకుని ఉండాలి. నడినెత్తిన ఎండ పడితే శిల్పం ముఖంలో కళ్ళు, ముక్కు కింద నల్లని మచ్చలు కడతాయి. ఎండ సరిగ్గా ఎదురుగా పడితే చెక్కడమంతా సున్నం వేసిన గోడలా చదునుగా కనిపిస్తుంది. ఏటవాలుగా ఒక పక్క నుంచి పడినప్పుడే లోతు, ఎత్తు తెలుస్తాయి. అందుచేత తూర్పు గోడకు ఒక వేళ, పడమటి గోడకు మరొక వేళ. ఒకే గుడికి ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క సమయం చూసుకోవాలి.

ఎత్తయిన కట్టడాన్ని బొమ్మలో ఇమడ్చాలని కెమెరాను పైకి వంచితే స్తంభాలు వెనక్కు వాలినట్లు పడతాయి. కెమెరాను తిన్నగా ఉంచి, ముందున్న అద్దాన్ని మాత్రమే పైకి జరిపితే గోడలు నిటారుగా నిలుస్తాయి. దీన్‌దయాళ్ తీసిన కట్టడాలు నేటికీ నక్షా గీసినట్లు తీరుగా కనిపిస్తాయి. కొన్ని చిత్రాలలో కట్టడం పక్కన ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషిని బట్టి ద్వారం ఎంత ఎత్తున్నదో చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

మరో చిక్కు రంగులది. ఆనాటి పలకలకు నీలిరంగు మహా తెల్లగా, ఎరుపు దాదాపు నల్లగా కనిపించేవి. ఆకాశం కాగితంలా తెల్లబోయేది. ఎర్ర తలపాగా కారునలుపుగా పడేది. కంటికి కనిపించే రంగు ఒకటి, పలక మీద పడే ఛాయ మరొకటి. ఈ తేడాను ముందే ఊహించగలిగినవాడే పనిమంతుడు.

కొలువా, కెమెరానా?

1885లో దీన్‌దయాళ్ వైస్రాయికి ఛాయాచిత్రకారుడిగా నియమితులయ్యారు. ఇక రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నడిచే పరిస్థితి లేకపోయింది. ఇటు నెల తిరిగేసరికి జీతం వచ్చే సర్కారు కొలువు. అటు ఎండను, మందులను, పెద్దల ఆదరణను నమ్ముకున్న వృత్తి. ముందు సెలవు పెట్టి చూశారు. చివరకు ఇరవై ఏళ్ళ ఉద్యోగానికి స్వస్తి చెప్పారు. నలభై దాటిన వయస్సులో అది చిన్న సాహసం కాదు. 1886లో సికిందరాబాదులో స్టూడియో వెలిసింది. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా ఇదే వృత్తిలో తండ్రికి తోడయ్యారు.

ఈ సమయానికి తడి పలకల కష్టం కూడా తగ్గింది. ముందే తయారుచేసి పెట్టెల్లో నిలవ ఉంచుకునే పొడి పలకలు వచ్చాయి. అవి వెలుగును త్వరగా పట్టేవి. కదలకుండా కూర్చున్న మనిషినే కాక, పరుగెత్తే గుర్రాన్ని సైతం పట్టుకునే వీలు కలిగింది.

అద్దాల గదిలో పని

ఆ కాలపు స్టూడియో అంటే అద్దాల గది. పైకప్పులో కొంత భాగం, ఒక పక్క గోడ గాజుతో కట్టేవారు. గాజు గోడ ఉత్తరం వైపు ఉండేటట్లు చూసేవారు. సూర్యుడు నేరుగా లోపలికి రాకపోవడం వల్ల ఆ వైపు వెలుగు రోజంతా మెత్తగా ఉంటుంది. అద్దాల కింద తెరలు తీగలమీద జరిగేవి. ముఖం మీద వెలుగు ఎక్కువైతే ఒక తెర మూసేవారు. చెంప మీద నీడ చిక్కనైతే అటు పక్కన తెల్లని బట్ట కట్టిన చట్రం నిలిపేవారు. దానిమీద పడిన వెలుగు తిరిగి ముఖం మీదికి వచ్చి నీడను పలచన చేసేది. నేటి స్టూడియోల్లో తెల్లని అట్ట, గొడుగు పట్టేది కూడా ఈ సూత్రం మీదనే.

బొమ్మ పడడానికి కొన్ని సెకండ్లు పట్టేది. తల కదిలితే ముఖం అలుక్కుపోతుంది. కనుక వెనుక నుంచి తలకు ఇనుప ఆనిక పెట్టేవారు. నవాబు అయినా, సేనాని అయినా దానికి తల ఒప్పగించవలసిందే.

1892లో హైదరాబాదులో దీన్‌దయాళ్ జనానా స్టూడియో ప్రారంభించారు. ఘోషా స్త్రీల కోసమే ఏర్పడిన ఈ స్టూడియోకు చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించారు. నిర్వహణ ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. పరాయి మగవాడి కంట పడకూడదన్న కట్టుబాటు ఉన్న ఇళ్ళ స్త్రీలకు కూడా తమ బొమ్మ తాము చూసుకునే అవకాశం ఆ విధంగా కలిగింది.

పులి వేట, కరువు

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దీన్‌దయాళ్‌ను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆదరించారు. 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన పనితనాన్ని మెచ్చి నిజాం స్వయంగా ఉర్దూలో ద్విపద చెప్పినట్లు ప్రసిద్ధి. రాజభవనాలు, విందులు, వేటలు, విదేశీ అతిథుల రాకలు అన్నీ ఆ కెమెరాకు ఎక్కాయి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి నెక్కొండ సమీపంలో పులి వేట ఆడారు. ఆ పర్యటన చిత్రాలు దీన్‌దయాళ్ స్టూడియో తీసినవే.

అయితే ఆ స్టూడియో దర్బారు వైభవాన్ని మాత్రమే చూపలేదు. 1899-1900లో కరువు వచ్చినప్పుడు అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో ఎముకలు తేలిన మనుషులను కూడా చిత్రించింది. ఆ బొమ్మల్లో పట్టు తెరలు లేవు, కుర్చీలు లేవు. ఉన్నది పగటి వెలుగు, దాని ముందు ఆకలి. నవాబు జరీ అంగరఖాను చూపిన వెలుగే డొక్క ఎండిన పేదవాడి పక్కటెముకలను కూడా లెక్కపెట్టి చూపింది. ఆ పాలనలో ఒక పక్క వేట, మరొక పక్క కరువు ఉన్నాయని నేటివారు కంటితో చూసి తెలుసుకోవడానికి ఈ చిత్రాలే సాక్ష్యం.

మిగిలిన పలకలు

చివరి రోజుల్లో దీన్‌దయాళ్‌కు పుత్రశోకం తప్పలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి సంవత్సరం 1905 జూలై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. ఆ తరువాత జ్ఞాన్‌చంద్ స్టూడియో బాధ్యత వహించారు.

గాజు పలక పగిలితే అతకదు. అయినా స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలు నిలిచాయి. వాటిని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొనుగోలు చేసింది. 2006 నవంబరులో తపాలా శాఖ హైదరాబాదులో ఆయన స్మారక స్టాంపు విడుదల చేసింది.

నేటి కెమెరాలు ఆయన కలలో కూడా ఊహించనివి. మందులు లేవు, గుడారం లేదు, పలక ఆరిపోతుందన్న భయం లేదు. కాని వెలుగు ఏ పక్క నుంచి వస్తున్నది, ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు కాచుకోవాలి అన్నవి ఇప్పటికీ మనిషే చూసుకోవలసినవి. ముప్పై ఏళ్ళ వయస్సులో కెమెరా పట్టిన ఒక సర్కారు ఉద్యోగి వాటిని ఓపికగా నేర్చుకున్నారు. అందువల్లనే అలనాటి గుళ్ళు, కోటలు, మనుషులు నేటికీ కళ్ళకు కట్టినట్లు కనిపిస్తున్నారు.