గ్రిడ్‌స్ఫియర్‌కు పల్నాడు నుంచి ఒక నమస్కారం

శాస్త్రవేత్తల వెబ్ పోర్టళ్లు కట్టడానికి పనికొచ్చే గ్రిడ్‌స్ఫియర్ కోడ్‌ను పట్టించుకునేవాళ్లు లేక పదేళ్లు దాటింది. దాన్ని రాసినవాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. దాని మీద నిలబడ్డ పోర్టళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన దగ్గర ఆ పేరు విననివాళ్లే ఎక్కువ. అలాంటిదానికి తెలుగులో, అదీ పల్నాడు నుంచి నివాళి ఏమిటని ఎవరైనా అడగొచ్చు. శాస్త్రం చదివిన మనిషికీ సూపర్‌కంప్యూటర్‌కీ మధ్య ఉన్న గోడను పడగొట్టడానికి అది నిజంగా కష్టపడింది. ఆ కష్టంలో కొంత మన హైదరాబాద్ దాకా వచ్చింది. అందుకే రాస్తున్నాను.

2000 ప్రాంతంలో ఆ గోడ ఎంత ఎత్తున ఉండేదో ఇప్పటి పిల్లల ఊహకు అందదు. వేర్వేరు ఊళ్లలోని పెద్ద కంప్యూటర్లను నెట్‌వర్క్‌తో కలిపి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ లెక్క కట్టించుకునే ఏర్పాటే గ్రిడ్. దానికి ఆధారం గ్లోబస్ టూల్‌కిట్. ఆలోచన గొప్పది, వాడకం మాత్రం నరకం. ముందు డిజిటల్ సర్టిఫికెట్ సంపాదించాలి. దాని మీద మామూలుగా పన్నెండు గంటలే చెల్లే ప్రాక్సీని కమాండ్ కొట్టి తీసుకోవాలి. ఎన్ని ప్రాసెసర్లు కావాలో, ఏ ప్రోగ్రాం నడపాలో గ్లోబస్‌కు తెలిసిన భాషలో రాసి పంపాలి. ఫలితాల ఫైళ్లు తెచ్చుకోవడానికి మరో కమాండ్. భూకంప తరంగాలే లోకంగా బతికిన మనిషి ఇదంతా ఎందుకు నేర్చుకోవాలి?

దీనికి విరుగుడుగా ప్రతి ప్రాజెక్టూ తనకంటూ ఒక వెబ్ పోర్టల్ కట్టుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఇంకో వృథా మొదలైంది. లాగిన్ పేజీ, ఫైళ్ల పేజీ, గ్రిడ్‌కు లెక్కను, అంటే జాబ్‌ను, పంపే పేజీ అందరికీ కావాలి. అందరూ మొదటి నుంచీ రాసుకున్నారు. జేసన్ నొవోట్నీ అనే ప్రోగ్రామర్ అప్పటికే గ్రిడ్ పోర్టళ్ల కోసం ఒక కిట్ తయారుచేశాడు. సర్టిఫికెట్‌ను భద్రంగా దాచి, పోర్టల్ అడిగినప్పుడు కొద్ది గంటల ప్రాక్సీ ఇచ్చే మైప్రాక్సీ పద్ధతిని 2001లో మరో ఇద్దరితో కలిసి ప్రకటించాడు. 2002లో యూరప్‌లో గ్రిడ్‌ల్యాబ్ ప్రాజెక్టు మొదలైంది. జర్మనీలో పోట్స్‌డామ్ దగ్గర, కృష్ణబిలాలు ఢీకొనే లెక్కలు కట్టే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని నొవోట్నీ, మైకేల్ రసెల్, ఒలివర్ వేరెన్స్ ఆ ప్రాజెక్టు కోసం, అందరూ వాడుకోగల పోర్టల్ చట్రంగా గ్రిడ్‌స్ఫియర్ కట్టారు.

అందులో ప్రాణం పోర్ట్‌లెట్. పోర్టల్ పేజీలో ఒక చిన్న గడి, దాని పని దానిదే. 2003 అక్టోబరులో వచ్చిన జేఎస్ఆర్ 168 అనే జావా ప్రమాణం ఆ గడి ఎలా ఉండాలో నిర్ణయించింది. చూసే తీరు, మార్చుకునే తీరు, సహాయం చూపే తీరు, ఇలా అన్నింటికీ ఒక పద్ధతి. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లోనే ప్రభ కట్టుకుని వస్తారు. ఎత్తు వేరు, అలంకారం వేరు, కట్టిన చేతులు వేరు. కొండ కింద మాత్రం అన్నీ పక్కపక్కనే నిలబడతాయి. పోర్ట్‌లెట్లూ అంతే. ఒక విశ్వవిద్యాలయంలో రాసినది ఇంకో దేశంలోని పోర్టల్‌లో నిలబడాలి. హంగేరీ వాళ్ల పీ-గ్రేడ్ పోర్టల్ గ్రిడ్‌స్ఫియర్ మీదే నడిచింది.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది జియాన్. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో 2002లో మొదలైన భూశాస్త్రాల నెట్‌వర్క్ అది. శాన్‌డియేగో సూపర్‌కంప్యూటర్ సెంటర్ నుంచి దాన్ని ముందుండి నడిపినవారిలో మన తెలుగువాడు చైతన్య బారు ఒకరు. దాని పోర్టల్‌కు పునాది గ్రిడ్‌స్ఫియర్. అందులో సిన్‌సైస్ అనే పోర్ట్‌లెట్ ఉండేది. పటం మీద ఒక భూకంపాన్నీ, ప్రకంపనలను నమోదుచేసే కొన్ని కేంద్రాలనూ ఎంచుకుంటే, అక్కడి యంత్రాలు ఎలాంటి గీతలు గీయాలో అమెరికా సూపర్‌కంప్యూటర్లను కలిపిన టెరాగ్రిడ్ మీద లెక్క కట్టించి చూపేది. వాడేవాడికి కనిపించేది బ్రౌజర్ ఒక్కటే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా ఐజియాన్-ఇండియా పేరుతో ఈ పనిలో కలిసింది.

పల్నాడు వాడికి ఇది పరాయి సంగతి కాదు. పిడుగురాళ్ల సున్నానికీ మాచర్ల సిమెంటుకూ మూలమైన సున్నపురాయి కర్నూలు శ్రేణి అనే రాతి పొరలది. ఆ శ్రేణి మీద భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ పుస్తకం 1872లోనే వచ్చింది. అప్పటి నుంచీ పటాలు ఒక ఆఫీసులో, రాళ్ల రసాయన విశ్లేషణలు మరో చోట, భూకంపాల రికార్డులు ఇంకో చోట. అన్నీ ఒకే తెర మీదికి రావాలన్నదే జియాన్ కోరిక. 2020 జనవరిలో పులిచింతల చుట్టుపక్కల భూమి కదిలినప్పుడు ఇక్కడి కాలేజీ పిల్లలకు అలాంటి తెర ఒకటి అందుబాటులో ఉంటే ఎంత నేర్చుకునేవారు!

మరి గ్రిడ్‌స్ఫియర్ ఎందుకు పోయింది? గ్లోబస్ 2003లో ఒకసారి, 2005లో ఇంకోసారి లోపలి నుంచి మారిపోయింది. దాని మీద రాసినవన్నీ మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది. పేజీలో చిన్న మార్పుకు కూడా సర్వర్ దాకా వెళ్లే జావా పద్ధతిని జావాస్క్రిప్ట్ వెనక్కి నెట్టింది. అద్దెకు కంప్యూటర్లిచ్చే క్లౌడ్ వచ్చింది. గ్రిడ్‌స్ఫియర్‌లోనూ లోపం ఉంది. జాబ్‌లు పంపే దాని సొంత పోర్ట్‌లెట్లు దాని లోపలి సేవల మీదే ఆధారపడేవి, వేరే పోర్టల్‌లోకి తేలిగ్గా కదిలేవి కావు. ఎక్కడైనా పనిచేస్తుందన్న మాట అక్కడ సగమే నిలబడింది. అయినా నా లెక్కలో అసలు కారణం వేరు. కొత్తది కట్టడానికి గ్రాంట్లు దొరికాయి, కట్టినదాన్ని చూసుకునే మనిషికి జీతం దొరకలేదు. గ్రిడ్‌ల్యాబ్ 2005లో ముగిసింది. టెరాగ్రిడ్ 2011లో, గ్లోబస్ టూల్‌కిట్ 2018లో వెళ్లిపోయాయి.

అంతా పోలేదు. లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచిన సమాచారాన్ని పంచడానికి జియాన్‌లో చేసిన పని ఓపెన్‌టోపోగ్రఫీగా పెరిగి ఈనాటికీ నడుస్తోంది. అపాచీ ఐరావత అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు శాస్త్రవేత్తల పోర్టళ్లకు కావాల్సిన భాగాలను ఇప్పటి పద్ధతిలో అందిస్తోంది.

నరసరావుపేటలో, గురజాలలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్లలకు ఒక విన్నపం. మీ ఫైనలియర్ ప్రాజెక్టులో లాగిన్ పేజీ మళ్లీ రాయకండి, ఉన్నది తీసుకోండి. మీరు రాసే కొత్త భాగం ఇంకొకరు విడిగా తీసి వాడుకునేలా ఉంచండి, ఎలా వాడాలో తెలుగులో ఒక పేజీ రాసి దానికి జతచేయండి. మార్కులు వచ్చాక కూడా ఏడాదికోసారి తెరిచి, ఇంకా నడుస్తోందో లేదో చూడండి.