కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు – వారి మిత్రమండలి

మిత్రులు పనికి అడ్డమనియు, పని గలవాడు చెలిమికి దూరముగా నుండవలెననియు తలంచువారు లోకమున చాలమంది గలరు. రచ్చబండ మీద నలుగురు చేరి ప్రొద్దుపుచ్చుట చూచినప్పుడు ఆ మాట కొంత నిజమే యని తోచును. కాని ఆ నలుగురిలో ఒక్కడైనను తాను చేయదలచిన పనిని గట్టిగా మనసున పట్టుకొన్నవాడై యున్నచో, ఆ కాలక్షేపమే ఒక సంస్థగా మారును. తెలంగాణమున తెలుగు గ్రంథాలయములు ఇట్టి చెలిమి నుండియే పుట్టినవి. వానికి మూలపురుషులలో ఒకరు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

వారు 1877 మే 18వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రిని కోల్పోయిరి. మూడేండ్లు పెద్దదైన అక్క భండారు అచ్చమాంబగారి యింట, నాగపురమున ఉండి చదువుకొనిరి. అక్కాతమ్ములకు పుస్తకములే ఆటవస్తువులు. బడికి పోని అక్కకు తమ్ముని చదువే బడి యైనది. ఆమె పిమ్మట అబలా సచ్చరిత్ర రత్నమాల రచించి, తొలితరపు తెలుగు కథారచయిత్రిగా ప్రసిద్ధి గాంచెను. లక్ష్మణరావుగారి మొదటి మిత్రురాలు ఆమెయే యనవచ్చును. అక్కడనే వారు మరాఠీ నేర్చి, ఆ భాషలోనే వ్యాసములు వ్రాయునంతటి వారైరి. మరాఠీవారికి గల చరిత్ర గ్రంథములును, శాస్త్ర గ్రంథములును తెలుగువారికి లేకపోవుట వారి మనసున ముల్లువలె నాటుకొనెను. ఆ లోటు తీర్చుటయే వారి జీవిత లక్ష్య మయ్యెను.

పిమ్మట వారు మునగాల సంస్థానమున దివానుగా చేరిరి. రాజా నాయని వేంకట రంగారావుగారు ప్రభువు, వీరు ఉద్యోగి. కాని ఆ సంబంధము దస్త్రములతో ఆగలేదు. దివానన్నవాడు ప్రభువు బొక్కసమును కాపాడవలెను. ఈ దివానుగారో, పుస్తకముల పేరు చెప్పి ముందుగా తామే చేయి చాచెడివారు. రాజాగారును నవ్వుమొగముతో ఇచ్చెడివారు. హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారు వీరితో కలసిరి. ముగ్గురి తలపును ఒక్కటై, 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టువారి యింటనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. నిజాము రాజ్యమున బడిలోను, కచేరీలోను ఉర్దూ చలామణి యగుచు, తెలుగు ఇండ్లకే పరిమితమైన దినములవి. అట్టి వేళ తెలుగు పుస్తకములకు ఒక గది దొరకుటయే గొప్ప.

ఆ దీపము నుండి వెలిగిన మరియొక దీపము మన ఓరుగంటి సీమకు వచ్చినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. కాకతీయుల వేయిస్తంభాల గుడి నిలిచిన ఊరిలో తెలుగు చదువరులకు ఒక నీడ దొరకెను. ఈ ప్రాంతపు పల్లెలలో తరువాత వెలసిన గ్రంథాలయములన్నియు ఆ వరుసలోనివే.

1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి స్థాపితమైనది. తరువాత అది చెన్నపురికి తరలెను. చందాదారులను చేర్చుకొని, చౌకవెలకు చరిత్రలు, శాస్త్రములు, జీవితచరిత్రలు, నవలలు అందించుట దాని విధానము. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము దాని తొలి ప్రచురణ. పంతులుగారితో స్నేహము చేయుట ఒక విధముగ చిక్కే. కుశలప్రశ్నకు వచ్చినవాడు వ్యాసభారము నెత్తుకొని పోవలసినదే. వైద్యుడైన మిత్రుడు వైద్యము గూర్చి, చరిత్ర తెలిసినవాడు చరిత్ర గూర్చి వ్రాయవలసి యుండెను.

ఆ చెలిమికి అసలు పరీక్ష వేరొకటి వచ్చెను. 1908లో ప్రభుత్వమును విమర్శించిన వ్రాతకై హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై చెఱసాలకు పోయిరి. విడుదలైనవానితో మాటాడుటకే భయపడు కాలమది. లక్ష్మణరావుగారు వారిని తమ పనిలో తోడుగా చేర్చుకొనిరి. పిమ్మట ఆ గాడిచర్లవారే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు నాయకులైరి. ఆనాడు తలుపు మూసియుండినచో ఎంత నష్టమో ఊహింపవచ్చును.

పంతులుగారి పెద్ద కోరిక ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. సకల విషయములను అక్షరక్రమమున తెలుగులో చెప్పవలెనని వారి సంకల్పము. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి యువకులు వారికి తోడ్పడి, ఆ పనిలోనే పండితులైరి. మూడు సంపుటములు వెలువడినవి. ఐనను కథ తొలి అక్షరముల యొద్దనే యుండెను. అకారమునకే ఇంత కాలమైనచో క్షకారమున కెన్నడు చేరుదురని నవ్వుకొనవచ్చును. కాని తొందరపడి తప్పు వ్రాయుటకంటె ఆలస్యముగ ఒప్పు వ్రాయుట మేలను పట్టుదల అందున్నది. 1923 జులై 12న, 46 ఏండ్లకే, చెన్నపురిలో వారు కన్నుమూసిరి.

పని సగములోనే నిలిచినది. అయితే స్నేహము నిలువలేదు, నడచినది. ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సర్వస్వమును చేపట్టి కొంత ముందుకు సాగించిరి. ఒక్కని ఆయువునకు మించిన పనిని తలపెట్టినవాడు మిత్రులను సంపాదించుకొని తీరవలెను. తాను ఆగిన చోట వారు మొదలిడుదురు.

సాయంకాలము గ్రంథాలయపు అరుగుపై చేరి, పత్రిక చదువుచు, వాదించుకొనుచు, నవ్వుకొను మిత్రులు ఈ చరిత్రను తలచుకొనదగును. ఆ కబుర్ల నడుమ ఒక మంచి పనికి బీజము పడినచో, ప్రొద్దు వృథాగా పోలేదనియే చెప్పవలెను.