లెక్క తెలిసిన సేనాని

పదో తరగతిలో సోషల్ మాస్టారు బోర్డు మీద వోల్గా నదిని గీసి, ఒడ్డున ఒక చుక్క పెట్టి స్టాలిన్‌గ్రాడ్ అని రాశారు. పరీక్ష కోసం తేదీలు బట్టీ పట్టి వదిలేశాను. ఇంజనీరునై, డ్రాయింగుల మీద సంతకాలు పెట్టడం మొదలయ్యాక, అక్కడ ఓడిపోయిన జర్మన్ సేనాని ఫ్రీడ్రిష్ పౌలస్ తరచూ గుర్తొస్తుంటాడు.

పౌలస్ 1890లో ఒక మామూలు ఉద్యోగి ఇంట్లో పుట్టాడు. నౌకాదళం తీసుకోలేదు. కొన్నాళ్ళు న్యాయశాస్త్రం చదివి, 1910లో సైన్యంలో చేరాడు. పని శుభ్రంగా, పద్ధతిగా చేసే మనిషి. మ్యాపులు, సరఫరా లెక్కలు అతని విద్య. రష్యా మీద దండయాత్రకు పథకం వేసిన వారిలో అతనూ ఒకడు. 1940 చివర్లో అతను నడిపించిన నమూనా యుద్ధాల్లోనే, ముందుకు పోయేకొద్దీ బలగం చాలదని, సరఫరా కష్టమని తేలింది. అయినా దండయాత్ర సాగింది.

అంతకుముందు ఒక డివిజన్‌కైనా నాయకత్వం వహించని పౌలస్‌కు 1942 జనవరిలో ఆరో సైన్యాన్ని అప్పగించారు. ఆగస్టుకు ఆ సైన్యం స్టాలిన్‌గ్రాడ్ చేరింది. నవంబరు 19న సోవియట్ సేనలు ఎదురుదాడి మొదలుపెట్టి, నాలుగు రోజుల్లో చుట్టుముట్టాయి. సుమారు రెండున్నర లక్షల మంది లోపల చిక్కుకున్నారు.

విమానాలతో సరుకు పంపిస్తానని గోరింగ్ మాట ఇచ్చాడు. రోజుకు కనీసం 300 టన్నులు కావాలి. సగటున అందింది సుమారు 100 టన్నులు. ఆ తేడా ఏం చేస్తుందో పౌలస్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. బయటపడేందుకు అనుమతి అడిగాడు. హిట్లర్ కాదన్నాడు. ఆజ్ఞ లేకపోయినా కదలాలని కింది సేనాని సైడ్లిట్జ్ పట్టుబట్టాడు. పౌలస్ కదల్లేదు. డిసెంబరులో సహాయక సేన 50 కిలోమీటర్ల దూరం దాకా వచ్చేసరికి అతని ట్యాంకుల్లో 30 కిలోమీటర్లకే ఇంధనం మిగిలింది. జనవరి 8న రష్యన్లు లొంగిపొమ్మన్నారు. పై ఆజ్ఞ ప్రకారం తిరస్కరించాడు. ఆకలికీ చలికీ మనుషులు రాలిపోయారు.

జనవరి 30న హిట్లర్ అతణ్ణి ఫీల్డ్ మార్షల్ చేశాడు. ఆ హోదాలో ఉన్న జర్మన్ ఎవరూ ప్రాణాలతో పట్టుబడలేదు కనుక, చావమన్నట్టే. మర్నాడే ఒక దుకాణ భవనం నేలమాళిగలో పౌలస్ పట్టుబడ్డాడు. బందీలైన సుమారు 91 వేల మందిలో ఇల్లు చేరింది ఐదారు వేలే.

1944లో బందీగానే హిట్లర్‌కు వ్యతిరేకంగా గొంతెత్తాడు. 1946లో న్యూరెంబర్గ్‌లో పాత పైవాళ్ళ మీద సాక్ష్యం చెప్పాడు. 1953లో విడుదలై డ్రెస్డెన్‌లో ఉంటూ 1957లో కన్నుమూశాడు. 1942లో అణచుకున్న మాట బయటికొచ్చేనాటికి వినాల్సిన వాళ్ళు మంచులో ఉన్నారు.

మన బ్యాచీల్లో చాలామందిమి ఇవాళ సంతకం పెట్టే కుర్చీల్లో ఉన్నాం. వంతెనో, బిల్లో, మందుచీటీయో, దాని కింద ఎవరి ప్రాణమో ఉంటుంది. లెక్క తప్పని తెలిసీ పైవాళ్ళు చెప్పారని సంతకం పెట్టే రోజు ఎవరికైనా రావచ్చు. లెక్కలు తప్పితే చెవి మెలిపెట్టిన మన మాస్టార్లు ఆ రోజు మనకు గుర్తురావాలి.