రాససుందరీదేవి చరిత్రము

మనసున నొక కోరిక పుట్టుటకును, ఆ కోరిక చేతులలోనికి దిగి పని చేయించుటకును నడుమ నెంతకాలము పట్టునో చెప్పుట కష్టము. బీరువాల నిండ పుస్తకములును, ప్రొద్దుపోవువఱకు వెలిగెడు దీపమును గలిగియుండియు, మొదలుపెట్టుటకు దగిన యుత్సాహము మాత్రము లేదని విచారించు పెద్దమనుష్యులను మేమనేకులను జూచియున్నాము. అట్టివారి ముందర బంగాళదేశపు గృహిణి యొకతె జీవితము నుంచ దలచితిమి.

రాససుందరీదేవి 1809వ సంవత్సర ప్రాంతమున పాబనా మండలములోని పోతాజియా గ్రామమున జన్మించెను. ఆ ప్రదేశమిప్పుడు బంగ్లాదేశములో జేరియున్నది. తండ్రి యామె పసితనముననే గతించెను. ఆమె మిక్కిలి పిఱికిపిల్ల. తోడిపిల్లలు కొట్టినను ఇంటివారితో జెప్పుకొనక, చాటున నేడ్చుచుండెడిది. వారి యింటిలోనే మగపిల్లలకొక బడి జరుగుచుండెను. దానిలో జదువు చెప్పునది యొక దొరసాని. ఇతరపిల్లలు బాధింపకుండుటకై పెద్దలీ బాలికను బగలంతయు నాబడిలో గూర్చుండబెట్టిరి. చదువు చెప్పించుట వారి యుద్దేశము కాదు. బాలురు నేలపై నక్షరములు వ్రాసి బిగ్గఱగా వల్లించుచుండ, ఈమె మాటాడక వినుచు గొన్నిటిని మనసున నిలుపుకొనెను. కొంతకాలమునకు అగ్నిప్రమాదము సంభవింపగా నాబడియు నంతతో ముగిసెను.

పండ్రెండవయేట వివాహమై, ఫరీద్‌పూరు సీమలోని రామదియా గ్రామమునకు గాపురమునకు బోయెను. అత్తగారు వ్యాధిపీడితురాలై చూపు గోల్పోగా, పదునాలుగేండ్ల ప్రాయమున నింటి భారమంతయు నామెపై బడెను. సుమారిరువదియైదుగురకు రెండుపూటల వంట, దేవతార్చన, అతిథిసత్కారము, అత్తగారి శుశ్రూష ఆమెవంతు. దాసీజనము బయటిపనులకేగాని వంటయింటికి రారు. పదునెనిమిదవయేట మొదలు నలువదియొకటవయేటి వఱకు పండ్రెండుగురు బిడ్డలను గనెను. వారిలో నేడుగురామె కన్నులయెదుటనే పోయిరి. ఒకపర్యాయము తినబోవు సమయమున నతిథి వచ్చుటయు, మరల గూర్చుండబోగా బిడ్డ యేడ్చుటయు, ఇట్లే యొకటి వెనుక నొకటి యడ్డుపడి రెండుదినములు నన్నము లేకయే గడచెను. ఇంటిలో నెవ్వరికిని దెలియలేదు. తల్లి మరణకాలమునందైన జూడబోవుట కామెకు వీలు గలుగలేదు. ఆ దుఃఖము తన్ను గడపటివఱకు విడువలేదని యామె తన గ్రంథమున దెలిపియున్నది.

ఇట్టి సంసారము నడుమ నామె కొక కోరిక కలిగెను. అది విద్యావతి యనిపించుకొనవలెనను కోరిక కాదు. తాను నిత్యము స్మరించు భగవంతుని కథను, చైతన్యభాగవతమను గ్రంథమున, తన కన్నులతో దాను జదువవలెనని మాత్రమే. కోరిక యింత సూటిగా నుండుటయే దానికి బలమైనదని మా యభిప్రాయము. సర్వశాస్త్రములును నేర్వవలెననుకొన్నవాడు దేనితో నారంభింపవలెనో తెలియక కూర్చుండును. ఆమెకా సందేహము లేదు.

భయము మాత్రము మెండు. ఆడుది చదివినచో విధవ యగునను నమ్మిక యానాట వంగదేశమున నుండెను; స్త్రీ చేతిలో కాగితము చూచినను వృద్ధులు గొణుగుచుండెడివారు. ఆమె పిఱికితనమున కొక్క యుదాహరణము చాలును. జయహరి యను పేరుగల భర్తగారి గుఱ్ఱము ముంగిట నిలిచి ధాన్యము మేయుచుండ, భర్త గుఱ్ఱము తన్ను జూచునను సిగ్గుచే నామె గడప దాటలేదు! పిమ్మట దనకుదానే నవ్వుకొని, ఆ భయమును విడిచెను. ఇట్టి స్త్రీ ధైర్యము వచ్చిన పిదప చదువుదమని యెదురుచూచియున్నచో, చదువులేకయే గతించియుండును.

ఆమెకిరువదియైదేండ్లు దాటిన పిమ్మట నొకనాడు భర్త యా గ్రంథమును వంటయింటి చెంతనుంచి, దానిని లోపల భద్రపఱుపుమని యెనిమిదేండ్ల పెద్దకుమారునితో జెప్పెను. మరల గుర్తించుటకై యామె దాని చెక్కయట్టపైని బొమ్మను జూచియుంచుకొనెను. తరువాత నెవ్వరును లేని వేళ గ్రంథమునుండి యొక పత్రమును దీసి, వంటయింటిలో దాచెను. కుమారుడు వ్రాసుకొనిన తాటియాకు నొకదానిని సంగ్రహించెను. ఒకచేత పత్రమును బట్టి, రెండవచేత వంట చేయుచు, మేలిముసుగు చాటున నక్షరముల నొండొంటితో బోల్చిచూచెను. చిన్ననాట విన్న ధ్వనులు, తాటియాకుపైని రూపములు, పత్రములోని పంక్తులు — ఈ మూటిని గలుపుటయే యామె విద్య. గురువు లేడు, అడుగుటకు నోరు రాదు. ఒక పదము పోల్చుకొనుటకు నెన్ని పూటల వంట గడచినదో! కడకు గ్రంథమంతయు జదువగలిగెను.

వితంతువులై పుట్టింటనున్న యాడుబిడ్డల కీ సంగతి తెలియునేమోయని యామె చాలకాలము వడకెను. తెలిసినపుడు వారు కోపింపలేదు. తామును నేర్చుకొనవలెనని యాసపడిరి. మనలను నిలిపివేయు భయములలో నిట్టివెన్నియో, అడిగి చూచిన నెఱుక పడగలదు.

కలకత్తాలో బెథూన్‌గారు 1849లో బాలికల పాఠశాలను స్థాపించునాటికి రాససుందరి నలువదేండ్ల యిల్లాలు. సంస్కర్తల యుపన్యాసములేవియు నామె పల్లెకు చేరకముందే, యామె పొయ్యియొద్ద నొంటరిగా నీ కార్యమును నెఱవేర్చియుండెను.

చదువ వచ్చినను వ్రాయుట యామెకు బహుకాలము రాలేదు. చదువును మసిబట్టిన వంటయింటిలో దాచవచ్చును. వ్రాతకు కాగితము, కలము, సిరా, కూర్చుండ జోటు కావలెను. పట్టణమున జదువుచున్న కుమారుడు కిశోరీలాలు, తన యుత్తరములకు తల్లి బదులు వ్రాయకుండుట బాగులేదని చెప్పి, వ్రాతసామగ్రి నిచ్చిపోయెను. పిమ్మట భర్త నేత్రరోగ చికిత్సకై పరస్థలమున నుండవలసిరాగా నామెయు వెంటబోయెను. అచ్చట నింటిపని తక్కువ. ఆ తీరికలో నామె వ్రాయ నేర్చెను.

వృద్ధాప్యమున, భర్తృవియోగానంతరము, ఆమె తన జీవితమును స్వయముగా గ్రంథమొనర్చెను. "ఆమార్ జీబన్" అను నా గ్రంథము వంగభాషలో నచ్చుపడిన స్వీయచరిత్రములలో మొదటిదిగా నెన్నబడుచున్నది. 1897వ సంవత్సరమున, ఎనుబదియెనిమిదేండ్ల ప్రాయమున, దానికి రెండవభాగమును జేర్చెను. జ్యోతిరింద్రనాథ ఠాకూరుగారు దానికి పీఠిక వ్రాసిరి. 1899లో నామె పరలోకగతురాలయ్యెను.