మునసబు చీటీ నుంచి ఏసీబీ దాకా: దామోదరం సంజీవయ్య వేసిన దారి

ఫిర్యాదు కాగితం పట్టుకొని పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కడం దళితులకు ఈనాటికీ తేలిక కాదు. కేసు రాస్తారా, రాజీ పడమంటారా, మన మీదే ఎదురు కేసు పెడతారా అన్న బెరుకు ముందు మెట్టు దగ్గరే మొదలవుతుంది. ఈ బెరుకుకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో దామోదరం సంజీవయ్యకు ఒక చోటు ఉంది. ఆయన్ని తొలి దళిత ముఖ్యమంత్రిగా జయంతికీ వర్ధంతికీ తలచుకుంటాం. పోలీసు వ్యవస్థ వైపు నుంచి ఆయన జీవితాన్ని చూసింది మాత్రం తక్కువ.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో, సెంటు భూమి లేని మాల కుటుంబంలో పుట్టారు. పసిగుడ్డుగా ఉండగానే తండ్రి మునయ్య పోయారు. తల్లి సుంకులమ్మ కూలిచేసి పిల్లల్ని సాకింది. ఇప్పటి పశ్చిమ ప్రకాశం అప్పట్లో రెండు జిల్లాల్లో ఉండేది. దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావే. అంటే మార్కాపురం వాడలకు సంజీవయ్య సొంత జిల్లా మనిషి.

ఆయన పెరిగిన రోజుల్లో ఊరికీ పోలీసుకూ మధ్య మునసబు ఉండేవాడు. ఊళ్లో నేరం జరిగితే స్టేషన్‌కు రిపోర్టు రాసి పంపేది ఆయనే. మునసబు రాస్తే నేరం, రాయకపోతే లేదు. ఆ చీటీ పట్టుకొని మైళ్ల కొద్దీ నడిచేది మాత్రం మన వాడ నుంచి వెళ్లిన వెట్టివాడు. చచ్చిన మనిషి దొరికితే పంచనామా అయ్యేదాకా శవానికి రాత్రంతా కాపలా ఉన్నదీ అతనే. సబ్ ఇన్‌స్పెక్టర్ ఊళ్లో మకాం వేస్తే కట్టెలూ నీళ్లూ మోసిందీ అతనే. పోలీసు పని సగం మన వీపుల మీద నడిచింది. ఫిర్యాదుదారుగా మాత్రం మన పేరు ఆ పుస్తకాల్లోకి ఎక్కడం అరుదు.

ఎరుకల వంటి కులాల బతుకు ఇంకా ఘోరం. నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, హాజరు పట్టీలో పేరెక్కించి, రాత్రిపూట ఊరు దాటకుండా కాపు కాశారు. 1913లో బాపట్ల దగ్గర వెలసిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్ దానికి సాక్ష్యం. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లోనే. చట్టం పోయింది కానీ స్టేషన్‌లో అనుమానితుల జాబితాలు పోలేదు.

సంజీవయ్య ఈ నేల మీది నుంచే చదువుకు నడిచారు. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో, అనంతపురం కాలేజీలో చదివి, చిన్న ఉద్యోగాలు చేసి, మద్రాసులో లా పూర్తిచేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటుకు వెళ్లారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. తర్వాత ఆంధ్ర రాష్ట్రంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ మంత్రి అయ్యారు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు ఇంకా 39 నిండలేదు. కొడుకు మంత్రిగా ఉన్న రోజుల్లోనూ తల్లి గుడిసె ముందు మట్టికుండలో వండుకునేదని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన చేతికి వచ్చిన పోలీసు శాఖ రెండు పాత కొలువుల అతుకు. ఆంధ్ర వైపు మద్రాసు ప్రెసిడెన్సీ పద్ధతి. తెలంగాణలో నిజాం కాలపు పద్ధతి. హైదరాబాద్ నగరంలో కొత్వాలు పోయి కమిషనర్ ఉన్నా, పాత దర్పం పోలేదు. ఈ రెండింటినీ 1956 నవంబరులో ఒకచోట చేర్చారు. రెండు వైపులా ఒకటే జబ్బు. కేసు రాయడానికి ఒక రేటు, రాయకపోవడానికి ఒక రేటు. డబ్బున్న వాడికి అది ఖర్చు. కూలివాడికి న్యాయమే అందకుండా పోవడం.

1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ప్రత్యేక విభాగంగా పని మొదలుపెట్టింది. అంతకుముందు ఆ పని సీఐడీలో ఒక భాగంగా సాగేది. సంజీవయ్య ప్రభుత్వం దాన్ని విడదీసింది. ఇది చిన్న మార్పు కాదు. లంచం అడిగిన వాడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి ఆ ఆఫీసు గడప కాక వేరే గడప ఏర్పడింది. నోట్ల నంబర్లు ముందే రాసుకోవడం, మధ్యవర్తుల ఎదుట పట్టుకోవడం అనే పద్ధతిలో పేదవాడి మాటకు సాక్ష్యం బలం దొరికింది. 1947 నాటి అవినీతి నిరోధక చట్టానికి తర్వాత చేర్చిన నిబంధన ప్రకారం, జిల్లాల్లో దర్యాప్తు అధికారి డీఎస్పీ హోదాకు తగ్గకూడదన్న నియమం ఉండేది. కింది అధికారి చేయాలంటే మేజిస్ట్రేట్ అనుమతి కావలసి ఉండేది.

ఈ మాట దగ్గర మనం ఆగాలి. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన 1995 నిబంధనలూ ఇదే చెప్పాయి: దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. లంచం కేసులోనూ కులం కేసులోనూ స్థానిక స్టేషన్‌ను పూర్తిగా నమ్మలేమని చట్టమే ఒప్పుకుంది. ఈ రెండు ఒప్పుకోళ్ల మధ్య అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడు (1985) ఉంది, చుండూరు (1991) ఉంది.

సంజీవయ్యకు పరిమితులు లేవని మేము అనడం లేదు. ఆయన కాంగ్రెస్ మనిషి, ఉద్యమ నాయకుడు కాదు. 1955 అంటరానితనం నేరాల చట్టం ఆయన హయాంలోనూ అమల్లో ఉంది. అందులో చాలా నేరాలకు కోర్టు అనుమతితో రాజీ పడే వీలుండేది. వాడ మీద ఒత్తిడి తేవడానికి పెద్దలకు ఆ ఒక్క సందు చాలు. దాన్ని 1976లో గానీ మూయలేదు. రెండేళ్ల రెండు నెలల పాలనలో ఆయన స్టేషన్ స్వభావాన్ని మార్చలేకపోయారు. వృద్ధాప్య పింఛన్లు, భూమిలేని పేదలకు బంజరు పంపిణీ మొదలుపెట్టిన మనిషిని 1962 మార్చిలో కుర్చీ దింపి, కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీకి పంపారు. ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే. తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చట్టం వచ్చింది. 1972 మే నెలలో, 51 ఏళ్లకే కన్నుమూశారు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకు ఆయన పేరు ఉంది. విశాఖ దగ్గర లా యూనివర్సిటీకీ ఉంది. అక్కడ చదివే మన పిల్లలు ఒక పని చేయాలి. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు, ఎవరైనా ఫిర్యాదు ఇవ్వబోతే తోడు వెళ్లాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందేనని, నిర్లక్ష్యం చేసిన అధికారి మీద ఎస్సీ ఎస్టీ చట్టం నాలుగో సెక్షన్ ఉందని చెప్పాలి. ఒకనాడు మన తాతలు మునసబు చీటీ మోసుకెళ్లిన దారి అది. ఇప్పుడు మన చీటీ మనమే రాసుకొని వెళ్దాం.