కాలువ పడవ మీద పుస్తకాలు పంచిన పాతూరి నాగభూషణం

తెనాలి: బస్సులు లేని రోజుల్లో కృష్ణా కాలువల మీద నడిచిన పడవలు ధాన్యాన్ని, పసుపును, ప్రయాణికులను మోసిన సంగతి ఈ ప్రాంతపు పెద్దలందరికీ తెలుసు. ఆ పడవల్లో ఒకటి పుస్తకాలను కూడా మోసింది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామాల మధ్య కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపించిన ఘనత పెదపాలెం వాస్తవ్యులు కీర్తిశేషులు పాతూరి నాగభూషణం గారిది. ఊరూరా గ్రంథాలయం ఉండాలని, దానిని నడపడం తెలిసినవాడు ప్రతి ఊళ్లో ఒక్కడైనా ఉండాలని జీవితమంతా పాటుపడిన వ్యక్తి ఆయన. పుస్తకం కొనడం ఒక్కటే చాలదని, దానిని జనానికి చేర్చడం, చెడిపోకుండా కాపాడడం కూడా నేర్చుకోవలసిన విద్యలేనని నమ్మిన తరానికి ఆయన ప్రతినిధి.

పెదపాలెంలో తొలి అడుగు

నాగభూషణం గారు 1907లో నేటి దుగ్గిరాల మండలంలోని పెదపాలెంలో జన్మించారు. ఆయన పెరిగిన కాలం సామాన్యమైనది కాదు. ఆయనకు ఆరేళ్ల వయసున్నప్పుడు 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి వేరే రాష్ట్రం కావాలన్న మాట ఈ ప్రాంతంలో ఇంటింటా వినిపించడం మొదలైంది. మరుసటి ఏడాది, అంటే 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆ సభకు అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనుక ఉండి అన్నీ నడిపించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది.

నాటి పల్లెటూళ్లలో చదువుకున్నవారు బహు కొద్దిమంది. కరణం గారి ఇంటి దస్త్రాలు, పంతులు గారి పెద్దబాలశిక్ష, ఏ నాలుగిళ్లలోనో భారత భాగవతాలు తప్ప ఊళ్లో పుస్తకమన్న మాట వినపడేది కాదు. పత్రిక ఒక్కటి వస్తే ఒకరు పైకి చదవడం, పదిమంది చుట్టూ చేరి వినడం ఆనవాయితీ. ప్రామిసరీ నోటు మీద ఏముందో తెలియక వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న రైతులు ఉన్న కాలం అది. అందుకే గ్రంథాలయం ఆ రోజుల్లో కేవలం కాలక్షేపపు వ్యవహారం కాలేదు. కొందరు యువకులు దానిని దేశసేవలో భాగంగానే తలచారు.

అలా తలచినవారిలో నాగభూషణం గారు ఒకరు. తోటి యువకులతో కలిసి పెదపాలెంలో బాలసరస్వతీ భాండాగారం పేరుతో గ్రంథాలయం నడిపారు. ఊళ్లోనే సేవాశ్రమం పెట్టి గ్రామసేవకు పూనుకున్నారు. గాంధీ మహాత్ముడి పిలుపునందుకుని శాసనోల్లంఘన ఉద్యమంలో పాల్గొన్నారు. ఆ ఉద్యమం తరువాత చాలామంది రాజకీయాల దారి పట్టగా, ఆయన మాత్రం గ్రంథాలయాన్నే తన దారిగా ఎంచుకున్నారు.

పడవ గ్రంథాలయం

పుస్తకాలను ఒక గదిలో బీరువాలో పెట్టి జనం రావాలని కూర్చుంటే అందరూ రారు. పొలం పని వదిలి రైతు, ఇల్లు వదిలి ఇల్లాలు గ్రంథాలయానికి రాలేరు. అలాంటప్పుడు పుస్తకమే వాళ్ల దగ్గరకు వెళ్లాలి. తెనాలి ప్రాంతంలో ఊళ్లన్నీ కాలువ గట్లను అంటిపెట్టుకుని ఉన్నాయి గనుక పడవకు మించిన వాహనం లేదు. కాటన్ దొర హయాంలో 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట కట్టి తవ్వించిన కాలువలు పొలాలకు నీరు ఇవ్వడమే గాక అప్పటికి ఎనభై ఏళ్లుగా రహదారులుగా కూడా పనిచేస్తున్నాయి.

ఆ కాలంలో పడవ ప్రయాణమంటే తొందర లేని వ్యవహారం. గాలి వాలు ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగేవారు. లాకుల దగ్గర నీటిమట్టం సరిపడేదాకా ఆగాలి. మూటల మధ్య కూర్చున్న ప్రయాణికులకు గంటల తరబడి వేరే పని ఉండేది కాదు. చేతికి పుస్తకం అందించడానికి అంతకన్న మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది? పడవలో ఉన్నవాడు చదువుకోవచ్చు, చదువు రానివాడు పక్కవాడు చదువుతుంటే వినవచ్చు. పడవ ఆగిన ఊళ్లలో పుస్తకాలు ఇచ్చి, తిరుగు ప్రయాణంలో తీసుకోవచ్చు. ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ.

ఇతర దేశాలలో ఆనాటికే గుర్రపుబండ్ల మీద, మోటారు బండ్ల మీద పుస్తకాలు పంపేవారు. మన రాష్ట్రంలోని కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరి యువకుడు ఉన్న కాలువనే వాడుకుని ఆ పని చేసి చూపించడం మనవారందరూ గర్వించదగిన సంగతి. పెద్ద భవనం లేదనో, డబ్బు లేదనో ఆయన ఆగలేదు. చేతిలో ఏమున్నదో చూసుకుని దానితోనే పని మొదలుపెట్టారు.

చేతిపనిగా పుస్తక రక్షణ

పడవలో తిరిగిన పుస్తకం, పది చేతులు మారిన పుస్తకం ఎక్కువకాలం నిలవదు. తడి, చెమట, చెదలు, వెండిచేపలని పిలిచే పురుగులు, అన్నిటికీ మించి పేజీ మూల మడిచే అలవాటు పుస్తకానికి శత్రువులు. అందువల్ల గ్రంథాలయం నడిపేవాడికి పుస్తకం కుట్టడం, అట్ట వేయడం తెలియడం అవసరం. గ్రంథాలయ శాస్త్రంలో పుస్తక రక్షణ ఒక పాఠంగా ఉండడానికి కారణం ఇదే.

నిజానికి ఇది మన వారికి కొత్త విద్య కాదు. అచ్చు రాక పూర్వం మన గ్రంథాలన్నీ తాటాకుల మీదనే ఉండేవి. ఆకును ఎండబెట్టి, పదును చేసి, ఒక కొలతకు కోసి, గంటంతో గీసేవారు. అక్షరం కనబడడానికి మసి, ఆకుపసరు రుద్దేవారు. రంధ్రాలలోంచి తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి, గుడ్డలో చుట్టి కట్టేవారు. పురుగు పట్టకుండా వేపాకు, వస కొమ్ము మూటలో ఉంచేవారు. పుస్తకం చేయడం, చదవడం, కాపాడడం మూడూ ఒకే ఇంట్లో జరిగేవి. అచ్చు పుస్తకం వచ్చాక చదవడం ఒక్కటే మనకు మిగిలింది. చేయడం, కాపాడడం బజారులోని బైండింగు షాపుకు పోయాయి.

పాత పుస్తకాన్ని బాగుచేయడం ఓపికతో కూడిన పని గాని కష్టమైన పని కాదు. ముందుగా పాత అట్ట విడదీసి, ఎండిన జిగురు గీకి, ఫారాలను వరుసగా పేర్చాలి. చిరిగిన కాగితానికి పలుచని కాగితం అతికించాలి. ఫారం మడతలో దబ్బనంతో రంధ్రాలు చేసి, గట్టి దారంతో ఒక ఫారాన్ని ఇంకొక ఫారానికి కలిపి కుట్టాలి. వెన్నుకు గుడ్డ అతికి, అట్టలు బిగించి, బరువు కింద రాత్రంతా ఉంచాలి. మైదా జిగురు ఉడికించేటప్పుడు కొద్దిగా మైలుతుత్తం కలిపితే పురుగు దరిచేరదు. అయితే మైలుతుత్తం విషం గనుక వంటపాత్రలకు, పిల్లల చేతులకు దూరంగా ఉంచాలి. అంచును కత్తి వేసి ఎక్కువగా కోస్తే అక్షరాలు పోతాయి. పక్కనుంచి గుచ్చి కుడితే పుస్తకం పూర్తిగా విప్పుకోదు, బలవంతంగా విప్పితే కాగితం విరుగుతుంది. ఈ మెలకువలు ఒకరు పక్కన కూర్చుని చూపిస్తేనే వంటబడతాయి. పుస్తకంలో చదివి పుస్తకం కుట్టడం నేర్చుకోవడం కష్టం.

ఈ విద్య విలువ తెలియాలంటే నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెం వెళ్లి చూడాలి. 1918లో మొదలైన అక్కడి సారస్వత నికేతనంలో వెనుకటి తెలుగు పత్రికలు నేటికీ ఉన్నాయి. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడకు వస్తున్నారు. గాంధీ గారి విరిగిన చేతికర్రను కూడా అక్కడ భద్రపరిచారు. కాగితం ఒక్కరోజుకని అచ్చువేసిన పత్రిక నూరేళ్లు నిలిచిందంటే దాని వెనుక ఎందరి చేతిపని ఉందో ఊహించుకోవచ్చు.

శిక్షణకే ప్రాధాన్యం

నాగభూషణం గారి కృషి పెదపాలెంతో ఆగిపోలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి నాయకత్వంలో గ్రంథాలయ ఉద్యమంలోను, వయోజన విద్యా వ్యాప్తిలోను ఆయన ముఖ్యపాత్ర వహించారు. చదువు రానివారికి గ్రంథాలయం ఉండీ ప్రయోజనం లేదు. చదువు నేర్చినవారికి చదవడానికి పుస్తకం దొరకకపోతే కొద్దికాలానికే నేర్చినది మరచిపోతారు. అందుకే రాత్రిబడి, గ్రంథాలయం బండికి రెండు చక్రాల వంటివని ఆ ఉద్యమకారులు భావించారు.

1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఎస్.ఆర్. రంగనాథన్ గారి ప్రోత్సాహంతో వచ్చిన ఆ చట్టం స్వాతంత్ర్యం తరువాత దేశంలో ఇటువంటి వాటిలో మొదటిది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లాలలో గ్రంథాలయాలు నడపాలన్నది దాని ఉద్దేశం. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను నేటికీ పల్లెల్లో వసూలవుతున్నది.

చట్టం మేలు చేసింది. కాని దానితో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. అంతవరకు ఊరివారు చందాలు వేసుకుని తమదనుకుని నడుపుకున్న గ్రంథాలయాన్ని ఇక సర్కారు చూసుకుంటుందని వదిలేశారు. చాలా ఊళ్లలో స్వచ్ఛంద గ్రంథాలయాలు మూతపడ్డాయి. పుస్తకాలు పంచాయతీ ఆఫీసుల మూలల్లో, బడి బీరువాల్లో పడి చెదలపాలయ్యాయి. జీతం మీద వచ్చిన ఉద్యోగికి శిక్షణ లేకపోతే పుస్తకాలకు తాళం వేసి కూర్చోవడమే పనవుతుంది.

ఈ పరిస్థితిలో నాగభూషణం గారు శిక్షణ మీద దృష్టి పెట్టారు. రాష్ట్ర గ్రంథాలయ సంఘం కార్యదర్శిగా విజయవాడ కేంద్రంగా పనిచేశారు. పటమటలో గాడిచర్ల వారి పేరిట సర్వోత్తమ భవనం నిర్మాణానికి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. అక్కడే గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ తరగతులు నడిచాయి. సామాన్య కుటుంబాల నుంచి వచ్చిన యువకులు ఎందరో అక్కడ చదువుకుని గ్రంథాలయాలలో ఉద్యోగాలు పొందారు. అయ్యంకి వారు ప్రారంభించిన గ్రంథాలయ సర్వస్వం పత్రికకు నాగభూషణం గారు చాలాకాలం సంపాదకత్వం వహించారు.

అయ్యంకి వెంకటరమణయ్య గారికి 1972లో పద్మశ్రీ లభించింది. నాగభూషణం గారి పేరు అంతగా పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. అయినా గ్రంథాలయ ఉద్యమ చరిత్ర రాసిన ఎవరూ ఆయనను వదిలిపెట్టలేరు. ఖద్దరు బట్టలతో, నిరాడంబరంగా జీవించి 1987లో ఆయన కన్నుమూశారు.

తరువాతి కాలం

ఆయన వేసిన బాటలో ఈ ప్రాంతం నుంచి మరికొందరు వచ్చారు. తెనాలికి చెందిన డాక్టర్ వెలగా వెంకటప్పయ్య గారు గ్రంథాలయ శాస్త్రంలోను, బాలసాహిత్యంలోను విశేష కృషి చేసి 2014లో మరణించారు.

కాలువలు ఇప్పటికీ పారుతున్నాయి గాని పడవలు లేవు. లాకుల దగ్గర ఆగే ప్రయాణికులు లేరు. చదువు రానివారు తగ్గారు. చదవడానికి చేతిలో ఫోను ఉంది. అయితే ఊళ్లో ఒకనాటి దాతలు ఇచ్చిన పుస్తకాలు, స్వాతంత్ర్య సమరం నాటి పత్రికలు, మన తాతలు చేతిరాతతో దింపుకున్న నోటుపుస్తకాలు ఫోనులో లేవు. అవి పోతే ఎంత డబ్బు పెట్టినా తిరిగి రావు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. ఆ వారం రోజులు ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలతో సరిపెట్టకుండా ఊళ్లో బైండింగు తెలిసిన ఒక పెద్దమనిషిని పిలిచి, పదిమంది పిల్లలను కూర్చోబెట్టి, గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలను కుట్టించవచ్చు. దానికి కావలసింది దబ్బనం, దారం, పాత అట్టలు, గిన్నెడు జిగురు మాత్రమే. తన చేతితో కుట్టిన పుస్తకాన్ని ఏ పిల్లవాడూ చింపడు. దానిని చదవకుండా కూడా ఉండడు.

కాలువ ఉంటే పడవ, పడవ ఉంటే పుస్తకం అనుకున్న నాగభూషణం గారికి పెదపాలెం, కొల్లూరు, తెనాలి, రేపల్లె ప్రాంతాల ప్రజలు చేయగల నివాళి తమ ఊరి గ్రంథాలయం తలుపులు తెరిపించి, అందులో మిగిలిన పుస్తకాలను కాపాడుకోవడమే.